మిద్దెమీది ఆకాశము

మా చంద్రగిరివారు ఆకాశమువంక తలయెత్తి చూచుటకు మూడు కారణములు కలవు. వాన వచ్చునా రాదా యని చూతురు. పెండ్లికి ముందు గ్రహములు అనుకూలముగా నున్నవా యని, తాము చూడక, చూచితి నని చెప్పువానిని అడుగుదురు. శ్రీహరికోటనుండి రాత్రివేళ రాకెట్టు లేచునని తెలిసిన దినమున మిద్దె లెక్కి తూర్పుదిక్కున నిప్పుగీత కనబడునేమో యని కాచియుందురు. 2022వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడిన పిదప శ్రీహరికోటయు మా ఊరును తిరుపతి జిల్లాలోనివే యైనవి గనుక, అది మా జిల్లా రాకెట్టని చెప్పుకొనుట కూడ మొదలైనది. నిప్పుగీత మాయమైనతోడనే అందరమును మిద్దె దిగి అన్నములకు కూర్చుందుము. పైకి పోయిన వస్తువు ఏమాయెను, ఎవరికొరకు పోయెను, అది మనతో ఏమైన చెప్పుచున్నదా యని అడుగువారు అరుదు. నేనును నలువదేండ్లు దాటువరకు అడిగినవాడను కాను.

నేను భాషోపాధ్యాయుడను. చిన్ననాట సంస్కృతమును, పిదప ఇంగ్లీషును చదివితిని. విద్యుత్తుతో నాకు గల పరిచయము ఫ్యూజు తీగ మార్చుటతో సరి. అట్టివాడను ఉపగ్రహములను గూర్చి వ్రాయ బూనుట సాహసమని ఎరుగుదును. కాని నేను చెప్పదలచినది యంత్రశాస్త్రము కాదు. ఒక యంత్రము మూలమున నాకు కలిగిన సిగ్గును గూర్చి చెప్పవలసియున్నది. ఆ సిగ్గు అర్థమగుటకు యంత్రమును గూర్చియు కొంత చెప్పక తీరదు.

హామ్ రేడియో అను విద్య యొకటి కలదు. ప్రభుత్వమువారు పెట్టు పరీక్షలో కృతార్థులై, అనుజ్ఞాపత్రమును, ఒక సంకేతనామమును పొంది, జీతమును లాభమును కోరక, తమ యింటనే చిన్న రేడియో కేంద్రమును నెలకొల్పుకొని, ముఖమెరుగని వారితో మాటలాడు మనుష్యులు ప్రపంచమంతటను ఉన్నారు. వారినే హామ్‌లందురు. మన దేశమున పండ్రెండేండ్లు నిండిన వారెవరైనను ఈ పరీక్షకు కూర్చుండవచ్చును. కులము, కాసు, చదివిన బడి యడుగరు. ఆడుదియా మగవాడా యనియు అడుగరు.

1957 అక్టోబరు 4వ తేదీని సోవియట్ దేశమువారు స్పుత్నిక్కును ఎగురవేసినప్పుడు, దాని కిచకిచలను తమ యింటి పెట్టెలలో పట్టి వినినవారిలో ఈ హామ్‌లు అనేకులు. వినుటతో వారికి తృప్తి కలుగలేదు. తామే యొకటి చేసి పంపవలెనని కాలిఫోర్నియాలోని కొందరు పూనిరి. రాకెట్టులో తూనిక సరిపుచ్చుటకై పెట్టు బరువుకు మారుగా తమ పెట్టెను పెట్టుడని వేడి, సుమారు నాలుగున్నర కిలోల ఆస్కార్-1 అను ఉపగ్రహమును 1961 డిసెంబరు 12వ తేదీని ఆకాశమునకు పంపిరి. అది పలికిన మాట యొక్కటే. మోర్సు సంకేతములో నాలుగు చుక్కలు, పిదప రెండు చుక్కలు, అనగా ‘హాయ్’. మూడు వారములు ఆ పలకరింపునే పలికి, బ్యాటరీ అయిపోయినంత ఊరకుండెను. ఇరువదియెనిమిది దేశములలో 570 మందికి పైగా దానిని వింటిమని వ్రాసి పంపిరి. ఒక రాజ్యమునకు గాని వర్తకసంఘమునకు గాని పని చేయక, మానవులను పలకరించుటకే ఒక వస్తువు ఆకాశమున తిరుగుట అదియే మొదలు. 1969లో అమెరికాలో ఆమ్‌శాట్ అను సంఘము ఏర్పడి ఈ పనిని కొనసాగించెను.

వారు 1974 నవంబరు 15వ తేదీని ఎగురవేసిన ఏడవ ఆస్కార్ కథ వినదగినది. అది 1981లో బ్యాటరీ చెడి మూగవోయెను. అందరును దానిని చనిపోయినదానిగా లెక్కించిరి. ఇరువదియొక్క సంవత్సరములు గడచిన పిమ్మట, 2002 జూను 21వ తేదీని, దాని స్వరము మరల వినబడెను. చెడిన బ్యాటరీలోని లోపమే మారి, దారి తెగిపోవుటచే, సూర్యఫలకములనుండి పుట్టు విద్యుత్తు నేరుగా యంత్రమునకు చేరెనని నిపుణులు నిశ్చయించిరి. నాటినుండి అది ఎండలో నున్నంతసేపు పలుకుచు, భూమి నీడలోనికి పోయినపుడు మౌనము వహించుచు వచ్చినది. బడిలో మూగవారని మనము వదలివేసిన పిల్లలను తలచుకొన్నప్పుడెల్ల నాకీ ఉపగ్రహము జ్ఞాపకమునకు వచ్చును.

మన దేశపు పాలు కూడ స్వల్పము కాదు. 2005 మే 5వ తేదీని శ్రీహరికోటలోని క్రొత్త ప్రయోగవేదికనుండి లేచిన పి.ఎస్.ఎల్.వి. సి-6 రాకెట్టు, కార్టోశాట్-1 అను పెద్ద ఉపగ్రహముతోకూడ, 42.5 కిలోల బరువుగల హామ్‌శాట్ అను చిన్న ఉపగ్రహమును కొనిపోయెను. అందలి ప్రసారయంత్రములు రెండు. ఒకటి భారతీయులు చేసినది. రెండవది హాలండుదేశపు విద్యార్థి యొకడు చేసినది. క్రిందనుండి 435 మెగాహెర్ట్జుల దగ్గర పలికిన మాటను గ్రహించి 145 మెగాహెర్ట్జుల దగ్గర మరల క్రిందికి పలుకుట దాని పని. ఈ యూరి అరుగుమీద కూర్చుండినవాని మాటను ఆ యూరి అరుగుమీదివానికి చేరవేయు దారినపోవు బాటసారివంటిది. రెండేండ్లు బ్రతికిన చాలునని పంపిన ఆ ఉపగ్రహము తొమ్మిదేండ్లు సేవచేసి 2014 జూలైలో బ్యాటరీ చెడి విరమించెను. ఆ తొమ్మిదేండ్లును అది మా మిద్దెలమీదుగనే తిరిగినది. మాలో ఎవ్వరును దానిని పలుకరింపలేదు. 2010 జూలై 12వ తేదీని కర్ణాటకాంధ్రములలోని ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు చేసిన కిలో కూడ తూగని స్టడ్‌శాట్ శ్రీహరికోటనుండియే లేచినది. అదియు మాకు తెలియలేదు.

ఇది పనిలేనివారి ఆటగదా యని కొందరందురు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థవారి బృందము భారతీ ప్రసాద్ అను నామె నాయకత్వమున అండమానుకు పోయి, పోర్టుబ్లెయిరునుండి ప్రపంచములోని హామ్‌లతో ఆటగానే మాటలాడుచుండెను. 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చెను. టెలిఫోనులు మూగవోయినవి. ఆటవస్తువులని తలచిన ఆ పెట్టెలే అప్పుడు దీవులకును దేశమునకును మధ్య వార్తలు మోసినవి. తమవారు బ్రతికియున్నారో లేరో యని తల్లడిల్లు వారికి ఒక స్త్రీకంఠము బదులు చెప్పినది. ఆమె అంతకుముందు ఆడియుండనిచో ఆనాడు ఆ పని చేయగలిగెడిదా?

ఇక నా కథకు వత్తును. 2025 జూలైలో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునందున్న మన శుభాంశు శుక్లా, బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహకేంద్రమున చేరిన విద్యార్థులతో హామ్ రేడియో మూలమున మాటలాడెనని పత్రికలలో వచ్చినది. తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ వార్తను తెచ్చి, ‘మనమూ వినొచ్చునా సార్?’ అని నన్నడిగిరి. సైన్సు ఉపాధ్యాయుని పదవి ఆ యేడు ఖాళీగా నుండుటచే ఆ ప్రశ్న నాపాలబడినది. తెలియదని చెప్పి తప్పించుకొనక, తెలిసికొని చెప్పెదనంటిని. ఆ యొక్క విషయమున నన్ను నేను మెచ్చుకొందును.

తెలిసికొనుట మొదలిడినతోడనే నా సంస్కృతము నన్ను ఒక గోతిలో పడద్రోయ జూచినది. శబ్దము ఆకాశమునకు గుణమని మన తార్కికులు చెప్పుదురు గదా. అట్లయిన రేడియో మనవారెరిగినదేయని పాఠము చెప్పవచ్చునను చపలత్వము నాకు కలిగెను. రెండు దినములు చదివినమీదట అది అసత్యమని తెలిసినది. రేడియో తరంగము శబ్దము కాదు. అది వెలుగుజాతికి చెందినది. తార్కికులు చెప్పినది చెవికి వినబడు శబ్దమును గూర్చి. వారి ఆలోచన గొప్పదే. కాని అది వేరు, ఇది వేరు. పూర్వుల గొప్పదనమును నిలుపుటకు వారు చెప్పని మాటను వారి నోట పెట్టుట వారిని గౌరవించుట కాదు. ఈ మాటను తరగతిలో చెప్పినప్పుడు తెలివిగల పిల్లలు కొందరు నిరాశపడిరి. నిజమువలన కలిగిన నిరాశ పిల్లలకు చెరుపు చేయదని నా నమ్మకము.

మా ఊరినుండి చిత్తూరు పోవు బాటలో గాదంకి యను గ్రామము కలదు. అచ్చటి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 53 మెగాహెర్ట్జుల రాడారుకై 1024 యాగీ ఆంటెనాలు వరుసలు తీర్చి నిలిపియున్నారు. బస్సులో పోవుచు ఎన్నోమారులు ఆ పక్కగా పోయితిని. అవి ఎందుకో తెలిసికొనలేదు. అట్టి యాగీ నొకదానిని మేము చేయ బూనితిమి. వడ్రంగులు వాడు ఉక్కు కొలతటేపును ముక్కలుగా కత్తిరించి, నీళ్లగొట్టపు ముక్కకు అడ్డముగా బిగించితిమి. అంతరిక్షకేంద్రమునుండి మాటలు వచ్చునది 437.8 మెగాహెర్ట్జులపై. మూడువందలను ఆ సంఖ్యచే భాగించిన తరంగపు పొడవు మీటర్లలో తెలియును. దానిలో సగము సుమారు 34 సెంటీమీటర్లు. లెక్కలలో వెనుకబడిన పిల్లవాడొకడు ఈ భాగహారమును తప్పులేకుండ చేసెను. ఎందుకనగా తప్పు చేసిన టేపు వ్యర్థమగును!

ఈ యాగీని గూర్చి ఒక మాట. దీనిని 1926లో జపానుదేశమున సెండాయిలోని విశ్వవిద్యాలయమున కనిపెట్టిరి. శ్రమలో ఎక్కువపాలు షింటారో ఉడా అను చిన్న ఆచార్యునిది. అతనికి పైవాడైన హిడెట్సుగు యాగీ 1928లో ఇంగ్లీషున వ్రాసిన వ్యాసము ప్రపంచమంతట వ్యాపించుటచే యాగీ పేరే నిలిచెను. ఉడా పేరు చాలకాలము మరుగుపడెను. మనము పెట్టు పేర్లలో ఎవరి శ్రమ దాగియున్నదో విచారింపవలెనని పిల్లలకు చెప్పితిని. చెప్పినవాడనే వారములోపల అట్టి తప్పు చేసితిని.

ఆంటెనా చేయుటలో బాలబాలికలు అందరును పాల్గొనిరి. అందు ఒక బాలిక, కూరగాయల బండివాని కూతురు, తక్కినవారికంటె మిన్నగా గ్రహించినది. ఉపగ్రహము మనవైపు వచ్చునపుడు దాని స్వరము కొంచెము హెచ్చుగను, పోవునపుడు తగ్గుగను వినబడును గనుక రేడియోను త్రిప్పుచుండవలెనని నేను పుస్తకము చూచి చెప్పగా, ఆమె వెంటనే, ‘పాకాలకు పోయే రైలు కూత మన స్టేషను దాటినంక దిగిపోతుంది గదా సార్, అట్లానా?’ అనినది. ఆ యుపమానము నాకు తట్టలేదు. సెకండునకు ఏడున్నర కిలోమీటర్లకు మించి పరుగెత్తు కేంద్రమునకును మా యూరి రైలునకును ఒకటే ధర్మమని పదునాలుగేండ్ల పిల్ల చెప్పినది.

కేంద్రము మా యూరిమీద వచ్చు వేళలు పట్టికగా వేసి తరగతి గోడకు అంటించితిమి. ఉత్తరమున శేషాచలము అడ్డు. అందువలన దక్షిణముగా ఎత్తుగా పోవు దినమును ఎంచితిని. అది రాత్రి తొమ్మిది గంటలకు వచ్చెను. బడి మిద్దెమీదికి తొమ్మిదిమంది మగపిల్లలను రమ్మంటిని. ఆడపిల్లలను పిలువలేదు. రాత్రివేళ ఆడపిల్లలను మిద్దెమీదికి పిలిచిన ఊరు ఏమనునో యని భయపడితిని. ఇంతేగాక, వారి తలిదండ్రులు ఒప్పుకొనరని నాకు నేనే నిశ్చయించుకొంటిని. అడిగి చూడలేదు. స్త్రీవిద్యను గూర్చి ఉపన్యాసములిచ్చి చప్పట్లు కొట్టించుకొన్నవాడను నేనేయని మనవి.

ఆ రాత్రి మాటలు వినబడినవి. ఎవరో తమ సంకేతనామమును రెండుమారులు పలికిరి. మరియొకరు బదులు పలికిరి. తొమ్మిది నిమిషములు గడచినమీదట ఆకాశము మూగవోయెను. పిల్లలు కేకలు వేసిరి. మరునాడు తరగతిలో ఆ తొమ్మిదిమందియు వీరులైరి. టేపు కత్తిరించినది ఎవరు, కొలతలు సరిచూచినది ఎవరు, రైలు కూతతో పోల్చి చెప్పినది ఎవరు అను మాటయే లేదు. ఉడా పేరు మా గదిలోనే మరల మరుగుపడినది.

మధ్యాహ్నము విరామవేళ ఆ బాలిక నా బల్లయొద్దకు వచ్చి నిలిచినది. ‘మమ్మల్ని యేమిటికి పిలవలేదు సార్?’ అనినది. ‘రాత్రివేళ గదమ్మా’ యంటిని. ఆమె ఏడువలేదు, వాదింపలేదు. గోడవద్దకు నన్ను పిలిచి, పట్టికపై వ్రేలు పెట్టి, ‘రాత్రి వచ్చేది పగటిపూట కూడా వస్తుందని ఇందులో ఉంది గదా సార్’ అనినది.

ఉన్నది. నేను అంటించిన పట్టికయే. రాత్రి తొమ్మిదింటికి వచ్చిన కేంద్రము మరునాటి పగలు ఏడున్నరకు మరల వచ్చునని స్పష్టముగా ఉన్నది. దాని దారి అట్టిది. నైరృతిదిక్కునుండి ఒకమారు, వాయవ్యదిక్కునుండి మరియొకమారు ప్రతిదినమును మనమీదుగ పోవును. ఇంతే కాదు, దినదినమునకు దాని వేళ ఇంచుమించు ఇరువదినాలుగు నిమిషములు ముందునకు జరుగును; కొలది వారములలో రాత్రి వేళ సాయంకాలమగును, సాయంకాలము మధ్యాహ్నమగును. ఆకాశము ఎవరికిని వేళ నిషేధింపలేదు. నిషేధము నా కన్నులలో నున్నది. పట్టికలో రాత్రి గడినే చూచి, అదియే తగిన కారణముగా గ్రహించి, పగటి గడిని చదువక విడిచితిని. ఇంతకంటె సిగ్గుపడవలసిన దినము నా యుద్యోగములో లేదు.

ఆ సాయంకాలమే ఆమె తండ్రివద్దకు పోయితిని. సంగతి యంతయు చెప్పి, ‘రాత్రి పంపవని తలచితిని’ అంటిని. అతడు కొంతసేపు తరాజు తుడుచుచు ఊరకుండి, ‘నన్ను అడగనే లేదు గదా అయ్యోరా! వాళ్లమ్మ తోడొచ్చేది. మీరే వద్దనుకొని మా పేరు చెప్తే యెట్లా?’ అనెను. అతడు బడికి పోయినది అయిదేండ్లు. నేను పట్టభద్రుడను. ఇద్దరిలో సంస్కారము ఎవరియందున్నదో పాఠకులే నిర్ణయింతురు గాక. తండ్రులందరును అట్టివారని చెప్పను. ఇద్దరు నిరాకరించిరి. వారిలో ఒకరి కుమారుడు ఆ తొమ్మిదిమందిలో నుండెను. కూతురికి మాత్రము ఆ విద్య యెందుకని ఆయన అడిగెను. కుమారునికి ఎందుకో అది ఆమెకును అందుకే యంటిని. ఆయన ఒప్పుకొనలేదు, కాని తిరిగి మాటలాడనులేదు.

తరువాతి రెండవ శనివారము పగటిపూట పదునొకండుగురు బాలికలు మిద్దె నెక్కిరి. తల్లులు నలుగురు కొంగులు తలలపై కప్పుకొని నీళ్లతొట్టి నీడన కూర్చుండిరి. ఆంటెనా ఒక బాలిక పట్టుకొన్నది. రేడియో మీట కూరగాయల బండివాని కూతురు చేతిలో ఉన్నది. 437.810 దగ్గర మొదలిడి, కేంద్రము నడినెత్తికి వచ్చునప్పటికి 437.800నకును, దాటిపోవునపుడు 437.790నకును మెల్లగా దింపవలెను. ‘వస్తా ఉంది సార్’ అని ఆమె నాకంటె ముందు వినినది. నాకు చిటపటలే వినబడినవి. మరి కొన్ని క్షణములకు విక్టర్ యూనిఫాం అని మొదలగు పిలుపు, అనగా మన దేశపు హామ్ సంకేతము, తేటగా వచ్చెను. ఎవరిదో, ఏ యూరివారిదో తెలియదు. తల్లులలో ఒకామె లేచివచ్చి, ‘ఆ మాట పైనించి వస్తా ఉందా?’ అని అడిగినది. క్రిందివారి మాటయే పైకి పోయి వచ్చుచున్నదని కూతురు చెప్పినది. తల్లి తల యెత్తి చూచినది. పగటివేళ గనుక అక్కడ ఏమియు కనబడదు. అయినను స్వరము నిలిచినదాక ఆమె తల దింపలేదు.

శ్రీహరికోటవారు 2022 ఆగస్టు 7వ తేదీని ఎస్.ఎస్.ఎల్.వి. అను క్రొత్త రాకెట్టుతో ఆజాదీశాట్ అను ఉపగ్రహమును పంపిరి. దేశములోని 75 పాఠశాలలనుండి 750 మంది బాలికలు దాని భాగములను తయారుచేసిరి. రాకెట్టు సరియైన కక్ష్యను చేర్చలేకపోవుటచే అది నష్టమయ్యెను. ఆడపిల్లలు చేసినది గనుక పడిపోయెనని అనువారును ఉందురు, లోపము రాకెట్టులోనిది. మరుసటి యేడు ఫిబ్రవరి 10వ తేదీని రెండవ ఆజాదీశాట్ సరిగా కక్ష్యను చేరినది. ఒకమారు పోగొట్టుకొన్నవారికి మరల అవకాశమిచ్చుట అనునది మగపిల్లల విషయమున మనము ఎప్పుడును చేయు పనియే.

మా పిల్ల ఇప్పుడు హామ్ పరీక్షకు చదువుచున్నది. మొదటి మెట్టు పరీక్షకు మోర్సు అక్కరలేదు. అయినను అదియు నేర్చెదనని పట్టుపట్టి, తండ్రి తరాజు గుండుతో బల్లపై కొట్టుచు నాలుగు చుక్కలు రెండు చుక్కలు అభ్యసించుచున్నది. పరీక్షకు దూరపు పట్టణమునకు పోవలెను. తోడు ఎవరు పోవుదురు, దారిఖర్చు ఎట్లు, తిరిగివచ్చుసరికి రాత్రి యగునా అను ప్రశ్నలు ఇంకను తీరలేదు. ఈమారు వానిని ఆమె తల్లిదండ్రులతో కూర్చుండి విచారించుచున్నాను. వారి పక్షమున నేనే బదులు చెప్పుకొనుట మానితిని.

ఈ వ్యాసమును చదువు గృహస్థులలో అనేకులకు మిద్దెలున్నవి, కూతుళ్లున్నారు. బిడ్డకు ఒక విద్యను కాదనుటకు ముందు, కాదనుటకు మనము చెప్పుకొను కారణమును ఒకమారు పట్టికతో సరిచూచుకొనవలెనని నా ప్రార్థన. రేపు పగలు ఏడు దాటిన పిమ్మట కేంద్రము మా ఊరిమీదుగ వచ్చును. బడి గంటకు ముందే మిద్దె తలుపు తెరచి ఉంచవలెనని బంట్రోతుకు చెప్పివచ్చితిని.